రాలే జుట్టు వేరు, పలచబడే జుట్టు వేరు

దువ్వెన పళ్లలో చిక్కుకున్న వెంట్రుకలను చూసి బెంగపడని ఆడపిల్ల, అద్దం ముందు నుదురు పైకి జరిగిందేమోనని తడుముకోని కుర్రాడు ఈ రోజుల్లో అరుదు. ఆ బెంగతో ముందు నూనె మారుస్తారు. తర్వాత షాంపూ మారుస్తారు. బోరు నీళ్లను తిట్టుకుంటారు. ఎవరో చెప్పిన బిళ్లలు కొని మింగుతారు. ఇవన్నీ అయ్యాక, ఎప్పటికో చర్మవ్యాధుల డాక్టరు దగ్గరికి వెళ్తారు. అప్పటికి కొందరికి చికిత్సతో జుట్టు నిలబెట్టుకోగలిగిన కాలం కొంత చేజారిపోయి ఉంటుంది.

ఈ ఆలస్యానికి మూలం ఒక పొరపాటు. జుట్టు రాలడాన్నీ, జుట్టు పలచబడడాన్నీ మనం ఒకటే అనుకుంటాం. రాలడమంటే వెంట్రుక కుదురు నుంచి ఊడి పడడం. కుదురు బాగుంటే అక్కడే మరో వెంట్రుక మొలుస్తుంది. పలచబడడమంటే కొత్తగా మొలిచే వెంట్రుకే అంతకుముందుకన్నా సన్నగా, పొట్టిగా రావడం. మొదటిది గుప్పిళ్లతో చేతికి వస్తుంది, భయపెడుతుంది, చాలాసార్లు దానంతటదే తగ్గిపోతుంది. రెండోది చడీచప్పుడు లేకుండా ఏళ్ల తరబడి సాగుతుంది, దానంతటది ఆగదు. కోత కోసినంత మాత్రాన పొలం పోదు. పొలమే చౌడు తేలితే మాత్రం ఏటికేడు పంట పలచబడుతుంది. మన తల మీద జరుగుతున్నది ఏదో తేల్చుకోవడమే చికిత్సకు మొదటి మెట్టు.

కుదురులో తిరిగే కాలం

మన నెత్తి మీద సుమారు లక్ష కుదుళ్లు ఉంటాయి. తల్లి కడుపులో అయిదారు నెలలు నిండేసరికే అవన్నీ ఏర్పడిపోతాయి. పుట్టాక కొత్త కుదురు రాదు. ఉన్నవే జీవితాంతం వెంట్రుకను పెంచి, వదిలేసి, మళ్లీ పెంచుతుంటాయి.

ఒక్కో కుదురుకు మూడు దశలు. పెరిగే దశ రెండు నుంచి ఆరేళ్లు ఉంటుంది. ఆ కాలమంతా వెంట్రుక నెలకు సుమారు ఒక సెంటీమీటరు చొప్పున పొడవవుతుంది. తర్వాత రెండు మూడు వారాలు కుదురు ముడుచుకుంటుంది. ఆపైన మూడు నెలల విశ్రాంతి. విశ్రాంతి చివర పాత వెంట్రుక ఊడుతుంది, కింద నుంచి కొత్తది బయలుదేరుతుంది. జడ పొడవు గుట్టు ఇక్కడే ఉంది. మూడేళ్లు పెరిగే కుదురు 36 సెంటీమీటర్ల వెంట్రుకను ఇస్తే, ఆరేళ్లు పెరిగేది 72 సెంటీమీటర్లు ఇస్తుంది. మోకాళ్ల దాకా జడ వేలాడేవారి కుదుళ్లకు అంతకన్నా ఎక్కువ కాలం పెరిగే గుణం పుట్టుకతోనే వచ్చింది. కనుబొమల కుదుళ్లు కొద్దికాలమే పెరిగి ఆగిపోతాయి. అందుకే కనుబొమలను ఎవరూ కత్తిరించుకోనక్కర్లేదు.

రోజుకు 50 నుంచి 100 వెంట్రుకలు రాలడం మామూలేనని డాక్టర్లు చెబుతారు. ఆ అంకె ఎక్కడిదో చిన్న లెక్కతో తెలుస్తుంది. లక్ష కుదుళ్లలో ఏ రోజు చూసినా పదో వంతు, అంటే పదివేలు, విశ్రాంతిలో ఉంటాయి. ఆ పదివేలూ సుమారు వంద రోజుల్లో రాలిపోవాలి. రోజుకు వంద. రెండు రోజులకోసారి తలస్నానం చేసేవారికి రెండు రోజులవీ ఒక్కసారే చేతికి వస్తాయి. అందుకని తలస్నానం మానేసినంత మాత్రాన జుట్టు దక్కదు, రాలడం వాయిదా పడుతుంది, అంతే.

ఇంకొక సంగతి. బయటికి కనిపించే వెంట్రుకకు ప్రాణం లేదు. ప్రాణమంతా చర్మం కింద కొన్ని మిల్లీమీటర్ల లోతున ఉన్న కుదురులోనే. తిరుమల కల్యాణకట్టలో తలనీలాలు సమర్పించినవారి జుట్టు ఎప్పటిలాగే మొలిచేది ఇందువల్లే. కత్తి కుదురును తాకదు. గుండు చేయిస్తే జుట్టు ఒత్తుగా వస్తుందని పసిపిల్లల విషయంలో మనవాళ్లు గట్టిగా నమ్ముతారు. గీసిన తర్వాత వెంట్రుక మందంలో గానీ, పెరిగే వేగంలో గానీ మార్పు ఉండదని అమెరికా శాస్త్రవేత్త మిల్డ్రెడ్ ట్రాటర్ 1928లోనే కొలిచి చూపించారు. కోసిన వెంట్రుక కొస మొద్దుగా ఉంటుంది కాబట్టి చేతికి గరుకుగా తగులుతుంది, అంతే.

మూడు నెలల కిందటి దెబ్బ

ఉన్నట్టుండి తల నిండా జుట్టు ఊడడం మొదలైందంటే నిన్న మొన్న ఏం చేశామని వెతక్కూడదు. రెండు మూడు నెలలు వెనక్కి వెళ్లాలి. తీవ్రమైన జ్వరం, పెద్ద ఆపరేషన్, కాన్పు, బాగా రక్తం పోవడం, ఒక్కసారిగా తిండి తగ్గించి బరువు దిగడం, తట్టుకోలేని దుఃఖం లాంటి దెబ్బ తగిలినప్పుడు ఒంటికి ప్రాణం నిలబెట్టుకోవడమే ముఖ్యం. అప్పుడు పెరుగుతున్న కుదుళ్లు పెద్దసంఖ్యలో పెరుగుదల ఆపి ఒక్కసారే విశ్రాంతిలోకి వెళ్లిపోతాయి. విశ్రాంతి మూడు నెలలు కనుక ఆ తర్వాతే అన్నీ కలిసి రాలతాయి. ఈ స్థితికి టెలోజెన్ ఎఫ్లువియం అని 1961లో చర్మవైద్యుడు ఆల్బర్ట్ క్లిగ్‌మన్ పేరు పెట్టారు. డాక్టరు చీటీ మీద ఇప్పటికీ ఆ పేరే కనిపిస్తుంది.

టైఫాయిడ్ వచ్చి తగ్గాక జుట్టు ఊడుతుందని మన పెద్దలకు ఎప్పటినుంచో తెలుసు. డెంగీ తర్వాతా అంతే. కరోనా నుంచి కోలుకున్న రెండు మూడు నెలలకు ఇంటింటా జుట్టు రాలింది కూడా ఇందుకే. అప్పుడు జ్వరానికి వాడిన మందుల వల్లే ఊడిందని చాలామంది అనుకున్నారు. అసలు కారణం ఆ జ్వరమే.

బాలింతల సంగతి ఇంకా తేటగా అర్థమవుతుంది. గర్భం మోస్తున్నంత కాలం ఒంట్లో ఈస్ట్రోజెన్ ఎక్కువగా ఉండి, రాలవలసిన వెంట్రుకలను కూడా రాలనివ్వదు. ఆ నెలల్లో జడ ఒత్తుగా కనిపిస్తుంది. కాన్పుతో ఆ హార్మోన్ పడిపోతుంది. ఆగినవన్నీ మూడో నెలకు కలిసి రాలతాయి. బిడ్డకు పాలివ్వడం వల్ల జుట్టు పోతోందని ఎవరైనా అంటే నమ్మి పాలు మాన్పించవద్దు. బిడ్డ మొదటి పుట్టినరోజు నాటికి ఎక్కువమంది తల్లుల జుట్టు తిరిగి కుదుటపడుతుంది.

దెబ్బ ఒక్కసారి తగిలి తగ్గిపోతే రాలడం ఆరు నెలల్లో ఆగుతుంది. ఆగలేదంటే లోపల దెబ్బ ఇంకా తగులుతూనే ఉందని అర్థం. మన రాష్ట్రాల్లో ఇక్కడ ముందుగా అనుమానించవలసింది రక్తహీనతను. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15 నుంచి 49 ఏళ్ల మహిళల్లో రక్తహీనత ఉన్నవారు ఆంధ్రప్రదేశ్‌లో 58.8 శాతం, తెలంగాణలో 57.6 శాతం. ఇంటిల్లిపాదికీ వడ్డించి చివర మిగిలింది తినే ఆడవాళ్ల జుట్టు గురించి మాట్లాడుతూ ఈ అంకెలను పక్కన పెట్టడం అన్యాయం. హిమోగ్లోబిన్ సరిగ్గానే ఉండి, శరీరం దాచుకున్న ఇనుము తరిగిపోయినవారూ ఉంటారు. అది ఫెరిటిన్ అనే పరీక్షలో బయటపడుతుంది. థైరాయిడ్ ఎక్కువైనా తక్కువైనా జుట్టు రాలుతుంది. రక్తం పలచబరిచే మందులు, మూర్ఛకు వాడేవాటిలో కొన్ని, మొటిమలకు ఇచ్చే ఐసోట్రెటినాయిన్ కూడా కారణం కావచ్చు. అలాగని వాటిని సొంతంగా ఆపేయకూడదు. రాసిన డాక్టరుకే చెప్పాలి.

క్యాన్సర్ మందులతో ఊడే జుట్టు తీరు వేరు. ఆ మందులు వేగంగా పెరిగే కణాలను దెబ్బతీస్తాయి, పెరుగుతున్న కుదుళ్లూ ఆ దెబ్బకు లోనవుతాయి. అందుకే మూడు నెలలు ఆగకుండా రెండు మూడు వారాల్లోనే ఊడుతుంది. చికిత్స ముగిశాక చాలామందికి తిరిగి మొలుస్తుంది.

బట్టతల గుట్టు తెలిసిన తీరు

నపుంసకులకు బట్టతల రాదని గ్రీకు వైద్యుడు హిప్పోక్రటీస్ కాలంలోనే గమనించారు. దానికి శాస్త్రీయమైన రుజువు దొరకడానికి 1942 దాకా పట్టింది. యుక్తవయసుకు ముందే వృషణాలు కోల్పోయిన మగవారిని అమెరికా పరిశోధకుడు జేమ్స్ హామిల్టన్ పరిశీలించారు. వారికి బట్టతల లేదు. పురుష హార్మోన్ టెస్టోస్టెరాన్ ఎక్కించి చూస్తే, ఇంట్లో బట్టతల వారసత్వం ఉన్నవారికి జుట్టు పలచబడడం మొదలైంది. వారసత్వం లేనివారికి ఎంత ఇచ్చినా జుట్టు పోలేదు. హార్మోన్ ఒక్కటే చాలదు, వంశం ఒక్కటే చాలదు, రెండూ కలవాలని తేలింది.

రెండో ముడి విప్పింది డొమినికన్ రిపబ్లిక్‌లోని సాలినాస్ అనే గ్రామం. అక్కడ కొందరు పిల్లలు ఆడపిల్లల్లా పుట్టి, ఆడపిల్లల్లాగే పెరిగి, పన్నెండేళ్ల ప్రాయంలో మగపిల్లలుగా మారేవారు. వారిలో ఒక ఎంజైమ్ లోపించిందని 1974లో జూలియన్ ఇంపెరాటో-మెక్‌గిన్లీ బృందం ప్రచురించింది. టెస్టోస్టెరాన్‌ను డీహెచ్‌టీ అనే మరింత ఘాటైన హార్మోన్‌గా మార్చేది ఆ ఎంజైమే. దాని పేరు 5-ఆల్ఫా రిడక్టేజ్. ఆ పిల్లలు పెద్దవారయ్యాక వారి ప్రొస్టేట్ గ్రంథి చిన్నగానే ఉండిపోయింది, నుదుటి మీద జుట్టు వెనక్కి జరగలేదు. బట్టతలకు అసలు కారకం డీహెచ్‌టీ అని అలా తెలిసింది.

డీహెచ్‌టీ చేసే పని ఇది. పుట్టుకతో దానికి లొంగే స్వభావమున్న కుదుళ్లు నుదుటి దగ్గరా మాడు మీదా ఉంటాయి. అది తగిలినకొద్దీ వాటి పెరిగే దశ కురచవుతుంది, కుదురు కుంచించుకుపోతుంది. నాలుగేళ్లు పెరిగే వెంట్రుక రెండేళ్లు, తర్వాత ఏడాది, ఆపైన కొన్ని నెలలే పెరుగుతుంది. ప్రతిసారీ అంతకుముందుకన్నా సన్నగా వస్తుంది. చివరికి మెత్తని నూగు మాత్రం మిగులుతుంది. తల వెనకా చెవుల పైనా ఉన్న కుదుళ్లు డీహెచ్‌టీకి లొంగవు, అందుకే అక్కడి జుట్టు ముసలితనం దాకా ఉంటుంది. అదే డీహెచ్‌టీ గడ్డాన్ని మాత్రం దట్టంగా పెంచుతుంది. ఒకే హార్మోన్‌కు ఒక్కో చోటి కుదురు ఒక్కో రకంగా స్పందించడం జుట్టు శాస్త్రంలో ఇప్పటికీ ఆశ్చర్యపరిచే విషయం.

బట్టతల మేనమామ పోలిక అంటారు. అందులో కొంత నిజముంది. మగ హార్మోన్లను అందుకునే గ్రాహకం జన్యువు ఎక్స్ క్రోమోజోమ్ మీద ఉంటుంది, మగపిల్లాడికి అది తల్లి నుంచే వస్తుంది. మిగతా అనేక జన్యువులు తండ్రి నుంచి కూడా వస్తాయి, కాబట్టి నాన్న తలనూ చూడాలి. హెల్మెట్ వల్ల మాత్రం బట్టతల రాదు. డీహెచ్‌టీ రక్తంలో వస్తుంది, హెల్మెట్‌లోంచి రాదు. ఆ భయంతో తలకు రక్షణ లేకుండా బండి నడపడం ప్రాణం మీదికి తెచ్చుకోవడమే.

పాపిడి వెడల్పయితే

ఆడవాళ్లకు వంశపారంపర్యంగా జుట్టు పలచబడినప్పుడు నుదుటి అంచు చాలావరకు అలాగే ఉంటుంది. పాపిడి మాత్రం వెడల్పవుతుంది, నడినెత్తిన మాడు కనిపిస్తుంది. ఈ తీరును 1977లో లూడ్విగ్ అనే వైద్యుడు మూడు దశలుగా విభజించారు. నెలసరి ఆగే వయసులో ఇది ఎక్కువ. ఇరవైల్లోనే మొదలై, నెలసరి తప్పుతూ, గడ్డం మీద వెంట్రుకలు, మొటిమలు కూడా ఉంటే పీసీఓఎస్ అనే హార్మోన్ల సమస్యను అనుమానించాలి. అప్పుడు హార్మోన్ పరీక్షలు తప్పవు. అవేవీ లేకుండా పాపిడి మాత్రమే వెడల్పయిన ఎక్కువమందిలో రక్తంలోని హార్మోన్లు మామూలుగానే ఉంటాయి.

జడను బాగా బిగించి అల్లడం, నడినెత్తిన గట్టిగా ముడి వేయడం ఏళ్ల తరబడి సాగితే కణతల దగ్గరా నుదుటి అంచునా జుట్టు పోతుంది. మొదట్లోనే వదులుగా వేసుకుంటే తిరిగి వస్తుంది. ఆలస్యమైతే కుదురే పోతుంది. బడికెళ్లే ఆడపిల్లలకు జడలు వేసే అమ్మలు, అమ్మమ్మలు ఈ ఒక్క మాట గుర్తుంచుకుంటే చాలు: పిల్ల నొప్పి అంటోందంటే జడ బిగుతుగా ఉన్నట్టే.

గుండ్రంగా ఊడితే

నాణెం అంత మేర నున్నగా, ఒక్కసారిగా జుట్టు ఊడితే మనవాళ్లు పేనుకొరుకుడు అంటారు. పేలకూ దీనికీ సంబంధం లేదు. ఒంటిని కాపాడవలసిన రోగనిరోధక కణాలు పొరపాటున కుదుళ్ల మీద దాడి చేయడం వల్ల వస్తుంది. నూటికి ఇద్దరికి జీవితంలో ఎప్పుడో ఒకప్పుడు ఇది రావచ్చు. ఇతరులకు అంటదు. ఆ మచ్చ మీద వెల్లుల్లి, గురివింద గింజల గంధం రుద్ది చర్మం కాల్చుకునేవారున్నారు. గురివింద గింజలో ప్రాణాంతకమైన విషం ఉంది, దాన్ని చర్మానికి రాయకూడదు. ఈ జబ్బులో కుదురు చావదు, నిద్రపోతుంది. చిన్న మచ్చలు చాలామందికి ఏడాదిలోపు వాటంతటవే పూడతాయి. త్వరగా రావాలంటే డాక్టర్లు మచ్చలోకి స్టెరాయిడ్ సూదులు నాలుగు నుంచి ఆరు వారాలకోసారి వేస్తారు.

ఈ జబ్బుతో తలంతా ఊడిపోయినవారికి చాలాకాలం సరైన మందు లేదు. 2022 జూన్‌లో అమెరికా ఔషధ సంస్థ ఎఫ్‌డీఏ బారిసిటినిబ్ అనే మాత్రకు, 2023లో పన్నెండేళ్లు దాటినవారికి రిట్లెసిటినిబ్‌కు అనుమతి ఇచ్చింది. ఇవి కుదుళ్ల మీద దాడికి పురిగొల్పే సంకేతాలను ఆపుతాయి. కనుబొమలు కూడా లేకుండా బతికినవారిలో కొందరు వీటితో మళ్లీ జుట్టు చూసుకున్నారు. రోగనిరోధక శక్తిని తగ్గించే మందులు కాబట్టి క్షయ లాంటి జబ్బులు దాగి లేవని పరీక్షించాకే మొదలుపెట్టాలి.

పిల్లల తల మీద పొట్టు లేస్తూ, వెంట్రుకలు మొదట్లోనే విరిగిపోయిన మచ్చ కనిపిస్తే అది తామర కావచ్చు. దువ్వెన, టోపీ, తువ్వాలు ద్వారా ఒకరి నుంచి ఒకరికి అంటుతుంది. పైపూత లోపలి కుదురు దాకా చేరదు, కొన్ని వారాల పాటు కడుపులోకి మందు వాడాలి.

అన్నిటికన్నా తొందరపడవలసిన రకం ఇంకొకటి ఉంది. ఊడిన చోట మంట, దురద, నొప్పి ఉండి, చర్మం మీద వెంట్రుక రంధ్రాలే కనిపించకుండా నున్నగా మెరుస్తుంటే అక్కడ కుదుళ్లు మచ్చకట్టి చనిపోతున్నాయని అర్థం. లైకెన్ ప్లానోపైలారిస్, లూపస్ లాంటి జబ్బులు ఇలా చేస్తాయి. పోయినవి రావు. మిగిలినవి కాపాడుకోవడానికి వెంటనే వెళ్లాలి. ఒక్కోసారి చిన్న ముక్క తీసి బయాప్సీ చేయాల్సి వస్తుంది.

రక్తపోటు మాత్ర నుంచి వచ్చిన మందు

వంశపారంపర్యంగా పలచబడే జుట్టుకు గట్టి ఆధారమున్న మందులు ముఖ్యంగా రెండు. మొదటిది మినాక్సిడిల్. దీన్ని తీవ్రమైన రక్తపోటు తగ్గించడానికి తయారుచేశారు. 1979లో అమెరికాలో మాత్రగా అనుమతి వచ్చింది. మింగినవారికి ముఖం మీదా చేతుల మీదా వెంట్రుకలు మొలవడంతో, దాన్నే తలకు రాసే ద్రావణంగా మార్చి 1988లో అమ్మకానికి తెచ్చారు. కుదురు విశ్రాంతిని కుదించి పెరిగే దశలోకి నెట్టడం, ఆ దశను పొడిగించడం దీని పని. కుదురులో ఉండే ఒక ఎంజైమ్ దీన్ని పనిచేసే రూపంలోకి మార్చాలి. ఆ ఎంజైమ్ తక్కువగా ఉన్నవారికి ఫలితం అంతగా ఉండదు.

వాడేటప్పుడు ముందుగా తెలుసుకోవలసినవి కొన్ని ఉన్నాయి. రాయవలసింది మాడుకు, జుట్టుకు కాదు. మొదలుపెట్టిన కొద్ది వారాల్లో జుట్టు ఇంకా ఎక్కువ రాలవచ్చు. విశ్రాంతిలో ఉన్న పాత వెంట్రుకలను కొత్తవి తోసుకు రావడమే అందుకు కారణం. ఈ మాట ఎవరూ చెప్పకపోవడంతో ఎంతోమంది భయపడి సరిగ్గా అప్పుడే ఆపేస్తారు. ఫలితం తెలియడానికి నాలుగు నుంచి ఆరు నెలలు పడుతుంది. ఆపితే కొన్ని నెలల్లో వచ్చినదంతా పోతుంది. కొందరికి దురద, పొట్టు, ముఖం మీద నూగు వస్తాయి. గర్భిణులు, పాలిచ్చే తల్లులు వాడకూడదు. ఇంట్లో పిల్లి ఉంటే దానికి అంటకుండా చూసుకోవాలి, కొద్దిగా నాకినా ప్రాణం పోవచ్చు. ఈ మధ్య తక్కువ మోతాదులో మినాక్సిడిల్ మాత్రలు కూడా రాస్తున్నారు. కాళ్ల వాపు, గుండె దడ లాంటివి కనిపెట్టుకుంటూ డాక్టరు పర్యవేక్షణలోనే వాడాలి.

డీహెచ్‌టీని తగ్గించే మాత్ర

సాలినాస్ పిల్లల కథ చదివిన మెర్క్ కంపెనీ శాస్త్రవేత్తలు ఆ ఎంజైమ్‌ను అడ్డుకునే మందు తయారుచేశారు. రెండో మందు ఫినాస్టెరైడ్ అదే. 1992లో ప్రొస్టేట్ వాపుకు 5 మిల్లీగ్రాముల మాత్రగా, 1997లో మగవారి బట్టతలకు 1 మిల్లీగ్రాము మాత్రగా అనుమతి పొందింది. రక్తంలో డీహెచ్‌టీని సుమారు 70 శాతం తగ్గిస్తుంది. ఎక్కువమంది మగవారిలో ఉన్న జుట్టును నిలబెడుతుంది, చాలామందిలో కొంత మందం తిరిగి తెస్తుంది. పూర్తిగా నున్నబడిన చోట మొలిపించలేదు. పెళ్లి సంబంధాలు చూసేటప్పుడు కాక, పలచబడడం మొదలైనప్పుడే డాక్టరు దగ్గరికి వెళ్లమనేది ఇందుకే.

దుష్ఫలితాలను దాచకూడదు. కొద్దిమందికి లైంగిక కోరిక, పటుత్వం తగ్గుతాయి. మందు ఆపితే చాలావరకు సర్దుకుంటాయి, ఆపాక కూడా కొనసాగాయని చెప్పినవారూ ఉన్నారు. ఆత్మహత్య ఆలోచనలు దీని దుష్ఫలితాల్లో ఒకటని యూరప్ ఔషధ సంస్థ 2025లో నిర్ధారించింది. మనసు దిగులుగా మారితే మందు ఆపి వెంటనే డాక్టరుతో మాట్లాడాలి. ప్రొస్టేట్ క్యాన్సర్ కోసం చేసే పీఎస్ఏ పరీక్ష అంకెను ఇది సగానికి తగ్గిస్తుంది కనుక పరీక్షకు ముందు ఈ మాత్ర సంగతి చెప్పాలి. గర్భిణులు విరిగిన మాత్రను ముట్టుకోకూడదు. కడుపులోని మగబిడ్డ జననాంగాలు రూపు కట్టడానికి డీహెచ్‌టీ కావాలి, సాలినాస్ పిల్లల్లో లోపించింది అదే. ఆడవాళ్లకు పరిస్థితిని బట్టి స్పైరోనోలాక్టోన్ లాంటి వేరే మందులు ఇస్తారు. గర్భం రాకుండా చూసుకుంటూ వాటిని వాడాలి.

నాటే జుట్టు

తల వెనక కుదుళ్లను తీసి ముందు నాటితే అవి కొత్త చోట కూడా పాత స్వభావంతోనే బతుకుతాయని న్యూయార్క్ వైద్యుడు నార్మన్ ఓరెంట్రైక్ 1959లో ప్రచురించారు. జుట్టు మార్పిడి అంతా ఆ సూత్రం మీదే నడుస్తోంది. ఇప్పుడు ఒకటి నుంచి నాలుగు వెంట్రుకలున్న చిన్న గుత్తులను విడివిడిగా తీసి నాటుతున్నారు. నాటిన వెంట్రుకలు మొదటి వారాల్లో రాలి, మూడు నాలుగు నెలలకు మళ్లీ మొలుస్తాయి. పూర్తి ఫలితానికి సుమారు ఏడాది.

దీనికి హద్దులున్నాయి. వెనక ఉన్న నిల్వ పరిమితం. ఇరవై రెండేళ్లకే అంతా ముందు నాటించుకుంటే, తర్వాత మాడు పలచబడినప్పుడు నాటడానికి మిగలదు. నాటని జుట్టు పలచబడుతూనే ఉంటుంది కాబట్టి మందులు కొనసాగించాలి. ఇది శస్త్రచికిత్స. సరైన శిక్షణ లేని చేతుల్లో ఇన్‌ఫెక్షన్లు, మత్తుమందు ప్రమాదాలు జరిగి ప్రాణాలు పోయిన సంఘటనలు మన దేశంలో ఉన్నాయి. యూట్యూబ్‌లోనో వర్క్‌షాపులోనో చూసి నేర్చుకున్నది శిక్షణ కాదని 2022లో జాతీయ వైద్య కమిషన్ స్పష్టంగా చెప్పింది. కత్తి పట్టేది ఎవరు, ఆ వైద్యుడి అర్హత ఏమిటి అని అడగడానికి మొహమాటపడవద్దు.

నూనెలు, బిళ్లలు, సూదులు

కొబ్బరినూనె మంచిదే. వెంట్రుక లోపలికి ఇంకి, కడిగేటప్పుడు ప్రోటీన్ పోకుండా కాపాడుతుంది, చిట్లడం తగ్గిస్తుంది. అది వెంట్రుకకు చేసే మేలు. కుంచించుకుపోయే కుదురును నూనె ఆపలేదు. మందారం, గుంటగలగరాకు, కరివేపాకు వేసి కాచినా అంతే. బోరు నీళ్ల ఉప్పు వెంట్రుకను గరుకుగా చేసి విరిగేలా చేయవచ్చు, బట్టతల తేదు. చుండ్రు కూడా బట్టతల తేదు. దురద, వాపు ఉంటే రాలడం పెరుగుతుంది కాబట్టి దానికి చికిత్స చేయించుకోవాలి.

బయోటిన్ బిళ్లలు ఇప్పుడు ప్రతి మందుల షాపులో దొరుకుతున్నాయి. ఆ విటమిన్ లోపం ఉన్నవారికే అవి పనికొస్తాయి, అలాంటివారు చాలా అరుదు. పైగా పెద్ద మోతాదు బయోటిన్ కొన్ని రక్తపరీక్షలను తారుమారు చేస్తుందని ఎఫ్‌డీఏ 2017లో హెచ్చరించింది. గుండెపోటును పట్టే ట్రోపోనిన్ అంకె తక్కువగా కనిపించవచ్చు, థైరాయిడ్ లెక్కలు తప్పుగా రావచ్చు. పోషకం ఎక్కువైనా జుట్టు రాలుతుంది. 2025 జనవరిలో మహారాష్ట్ర బుల్ఢాణా జిల్లా గ్రామాల్లో రెండువందల మందికి పైగా రోజుల వ్యవధిలో జుట్టు పోగొట్టుకున్నారు. తేలుకాటు చికిత్సతో పేరుపొందిన వైద్యుడు హిమ్మత్‌రావ్ బావస్కర్ అక్కడివారు తిన్న గోధుమల్లో, వారి శరీరంలో సెలీనియం బాగా ఎక్కువగా ఉందని చెప్పారు. జుట్టు కోసం అమ్మే ఎన్నో బిళ్లల్లో ఉండేది కూడా ఆ సెలీనియమే. పరీక్ష లేకుండా పోషకాల బిళ్లలు మింగవద్దు.

సొంత రక్తంలోని ప్లేట్‌లెట్లను వేరుచేసి తలలోకి ఎక్కించే పీఆర్‌పీ సూదులు కొందరికి మేలు చేసినట్టు చిన్న అధ్యయనాలు చెబుతున్నాయి. ఒక్కో చోట ఒక్కో పద్ధతిలో చేస్తారు కాబట్టి ఫలితం ముందుగా చెప్పడం కష్టం. మందులకు తోడుగా ఆలోచించవచ్చు గానీ మందుల బదులుగా కాదు.

డాక్టరును అడగవలసినవి

మంచి పరీక్ష ప్రశ్నలతో మొదలవుతుంది. మూడు నెలల కిందట ఏం జరిగింది, ఏ మందులు వాడుతున్నారు, నెలసరి ఎలా ఉంది, ఏం తింటున్నారు, ఇంట్లో ఎవరి జుట్టు ఎలా ఉంది అని అడుగుతారు. తర్వాత యాభై అరవై వెంట్రుకలను వేళ్లతో పట్టి మెల్లగా లాగి చూస్తారు. ఆరుకు మించి ఊడి వస్తే రాలడం జోరుగా ఉందని గుర్తు. డెర్మటోస్కోప్‌తో మాడును పెద్దదిగా చేసి చూస్తే లావు వెంట్రుకల మధ్య సన్నవి కలిసి ఉన్నాయో లేదో తెలుస్తుంది. పలచబడడాన్ని కంటికి ముందే పట్టిచ్చేది ఆ తేడాయే. అవసరాన్ని బట్టి రక్తకణాల లెక్క, ఫెరిటిన్, థైరాయిడ్ పరీక్షలు చేయిస్తారు. రాలడం, పలచబడడం రెండూ ఒకే తలలో కలిసి ఉండడం కూడా మామూలే. జ్వరం తర్వాత జుట్టు రాలినప్పుడే, అప్పటిదాకా దాగిన వంశపారంపర్య పలచదనం చాలామందికి బయటపడుతుంది.

బట్టతల ప్రాణం తీసే జబ్బు కాదు. మందులొద్దు, ఇలాగే ఉంటాను అనుకోవడం కూడా సరైన నిర్ణయమే, దాన్ని ఎగతాళి చేసే హక్కు ఎవరికీ లేదు. చికిత్స కావాలనుకుంటే మాత్రం బయటికి వచ్చేలోపు మూడు ప్రశ్నలు అడగండి. నాది ఏ రకం? నా కుదుళ్లు బతికే ఉన్నాయా? మీరు ఇచ్చేది ఎన్నాళ్లు వాడాలి, ఆపితే ఏమవుతుంది? ఈ మూడింటికీ తేటగా జవాబు చెప్పలేని చోట, గోడ మీద ముందు ఫొటో, తర్వాత ఫొటో ఎంత బాగున్నా డబ్బు కట్టకండి.